జానీబీ ఎడమ చెయ్యి

భయం గుండెలో ఉంటుందంటారు. మా అక్క జానీబీకి మాత్రం చేతుల్లో ఉండేది. కళ్ళారా చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె. దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట తెలుగే. మా నాయన అలీ అహ్మద్ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులు కుట్టేవాడు. నన్ను కన్నప్పుడే అమ్మ పోయింది. నన్నూ, నాకంటే కాస్త పెద్దదైన అక్కనూ సాకింది నాయన తల్లి, మా జేజి హజరాబీ. జేజి చెడ్డది కాదు. తను తినకపోయినా మాకు పెట్టేది. కానీ ఊరు ఏమనుకుంటుందో అన్న బెంగ ఆమెకు ఎప్పుడూ ఉండేది, ఆ బెంగంతా మా వీపుల మీద తీర్చుకునేది.

అక్కది పుర్రచేతి వాటం. అన్నం ముద్ద ఎడమ చేత్తో కలిపేది, చీపురు ఎడమ చేత్తో పట్టేది, ఎవరికైనా ఉప్పు ఇమ్మంటే ఎడమ చేత్తోనే ఇచ్చేది. ఇక చూడండి జేజి రంకెలు.

"ఆ చేత్తో ఏం కడుక్కుంటావు మే? ఆ చేత్తోనే తింటావా? రేపు నీకు పెండ్లయితే అత్తగారి ముందర నా తలకాయ యాడ పెట్టుకోవల్ల?"

తిడితే మారలేదని జేజి అక్క ఎడమ చేతిని పాత కోక పీలికతో నడుముకు కట్టేసింది. మొదట తినేటప్పుడే కట్టేది. తర్వాత పొద్దస్తమానం కట్టి ఉంచేది. విప్పిన కాసేపట్లో ఆ చెయ్యి కంచం వైపు కదిలితే గంటె కాడతో కణుపుల మీద కొట్టేది. అక్క ఏడ్చేది కాదు. ఆ చేతిని ఒళ్ళో దాచుకుని, జేజి చేతులు ఎటు కదులుతాయా అని చూస్తూ తినేది. కొన్నాళ్ళకు కుడి చేత్తో తినడం వచ్చింది, ఇవ్వడం వచ్చింది, ఊడ్వడం వచ్చింది. జేజి ఊరంతా చెప్పుకుంది, మనవరాలిని దారికి తెచ్చానని.

దారికి రావడమా, నా మొహమా! తీరికగా ఉన్నప్పుడు కుడి చెయ్యే పనిచేసేది, నిజమే. ఉలిక్కిపడితే మాత్రం రెండు చేతులూ ఒక్కసారే లేచేవి. ఎడమది ముందుకు వచ్చేది, వచ్చిన వెంటనే దెబ్బ గుర్తొచ్చినట్టు ఆగిపోయేది. కుడిదేమో, ఎడమది వెళుతోంది కదా అన్నట్టు తనూ ఆగిపోయేది. రెండూ గాలిలో నిలబడేవి. ఒకసారి దూది కుప్పలోంచి తేలు నా కాలి వైపు పాకుతుంటే నాయన కేక వేశాడు. చీపురు అక్క పక్కనే ఉంది. నేను ఆమె ఎదుటే ఉన్నాను. నన్ను లాగాలో చీపురు అందుకోవాలో, రెండు చేతులూ మధ్యలోనే నిలిచిపోయాయి. తేలు నన్ను కుట్టింది. నేను రాత్రంతా అరిచి తెల్లారేసరికి మామూలయ్యాను. అక్క మాత్రం అప్పటినుంచి తన చేతుల్ని నమ్మడం మానేసింది. చంటిబిడ్డను ఎత్తుకోమన్నా వద్దనేది. బావిలో చేద వెయ్యమంటే నన్ను తోడు పిలిచేది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది అక్కను ప్రొద్దుటూరు ఖాదర్‌కు ఇచ్చి చేశారు. మంచి మనిషి, నవ్వు ముఖం. దూది పని తగ్గిపోయి ఆయన పులివెందుల పక్క రాతినార, అదే ఆస్బెస్టాస్, గనుల్లోకి కూలికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు దగ్గుతో వచ్చాడు. వీధి చివర దాకా నడిస్తే అరుగు మీద కూలబడేవాడు. ఈలోగా నాయన కూడా పోవడంతో అక్క నన్ను తన దగ్గరికి పిలిపించుకుంది. జేజి పల్లెలోనే చిన్నాయన ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే మేమిద్దరమే దిక్కు. అట్లా ఇద్దరం ప్రొద్దుటూరులోనే పత్తి జిన్నింగు మిల్లులో చేరాము.

ఆ మిల్లు గురించి కొంచెం చెప్పాలి. పెద్ద రేకుల కొట్టం. వరసగా మిషన్లు. ఒక్కో మిషను ముందు ఒక్కో ఆడమనిషి నిలబడి, గింజ పత్తిని కుడి చేత్తో తోలు చుట్టిన రోలరుకు అందించాలి. దూది అవతలికి పోతుంది, గింజ కింద రాలుతుంది. మిషనుకు కుడి పక్క చక్రం, దాని మీద అరచెయ్యి వెడల్పు బెల్టు. ఏదన్నా ఇరుక్కుంటే మిషను ఆపడానికి ఒక పొడుగాటి కట్టె ఉంటుంది. అది మిషను ముందు నుంచి అడ్డంగా వచ్చి, నిలబడ్డ మనిషికి ఎడమ పక్క తేలుతుంది. దాన్ని ఒక్క తోపు తోస్తే బెల్టు పక్కకు జారి చక్రం ఆగిపోతుంది. బెల్టుకట్టె అనేవాళ్ళం. కుడి చెయ్యి పత్తిలో ఉంటుంది కాబట్టి ఎడమ చెయ్యి కట్టె మీద ఉండాలని ఆ మిషను చేసినవాడి ఆలోచన.

కానీ మన వాళ్ళ ఆలోచన వేరు. దసరాకు మిషన్లకు పూజ చేస్తారు కదా, ప్రతి బెల్టుకట్టెకూ పసుపు పూసి కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టేవాళ్ళు. మనిషిని కాపాడేది అదే కాబట్టి మిషనుకు దేవుడు అందులోనే ఉంటాడని అందరి నమ్మకం. దేవుడి మీద ఎడమ చెయ్యి ఎట్లా వేస్తారు? అందుకని అందరూ గిరుక్కున ఎడమకు తిరిగి, కుడి చేత్తో కట్టె తోసేవాళ్ళు. హిందువులు లేదు, ముస్లిములు లేదు, అందరిదీ అదే అలవాటు. పని మామూలుగా జరిగే రోజుల్లో ఆ తిరగడం వల్ల పోయేదేమీ లేదు.

మేము చేరిన కొన్నాళ్ళకే వెంకటసుబ్బమ్మకు దెబ్బ తగిలింది. అక్క పక్క మిషను ఆమెది. పత్తితో పాటు కుడి చేతి వేళ్ళు రోలరు లోపలికి పోయాయి. ఆమె ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది, కట్టె పక్కనే ఉంది. ఆ చెయ్యి కట్టె దాకా పోయింది కూడా. తాకలేదు. కేక వేస్తూ అట్లాగే నిలబడింది. అవతలి ఆమె పరుగెత్తుకొచ్చి కుడి చేత్తో తోసేసరికి వేళ్ళు పోయాయి. రక్తం దూది మీద పడి, దూది ఎర్రగా అవతలికి పోవడం నేను చూశాను.

మా మేస్త్రీ నాగభూషణం ఆమె చేతికి గుడ్డ చుడుతూ తల బాదుకున్నాడు.

"ఎడం చేత్తో తోసింటే ఏళ్ళు దక్కుండును గదమ్మా. ఆ చెయ్యి ఊరికే ఉండె గదా."

"దేవునికి ఎడం చెయ్యి ఎట్ల పెట్టేదప్పా?" అంది వెంకటసుబ్బమ్మ. అంత నొప్పిలోనూ ఆ మాట ఏ తడబాటూ లేకుండా అంది. చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ అది తప్పుగా తోచలేదు.

ఆ రోజునుంచి అక్కకు నిద్ర లేదు. మిల్లు కూత వినిపిస్తే చేసే పని వదిలి గుమ్మం పట్టుకుని నిలబడేది. నేను కోప్పడ్డాను.

"ఏంది అక్కా, పనికి పోతాండావా ఉరికొయ్యకు పోతాండావా?"

"నీకు తెలీదు ఖమ్రూ. మిషను కాడ ఏ సప్పుడైనా నా ఎడం చెయ్యి కట్టె మిందికి పోతాది. నేను పొమ్మనలా. అదే పోతాది. పోయి మద్దెలో నిలబడతాది. ఆ పొద్దు తేలు కుట్టినట్ల, ఈడ ఎవరికన్నా ఏమన్నా అయితే నేను సూస్తా నిలబడతానేమో."

ఆ మాటతో నేను కోప్పడటం మానేశాను. ఎందుకంటే పత్తి గంపలు మోసుకుంటూ ఆమె మిషను పక్కనుంచి రోజంతా తిరిగేది నేనే.

భయపడి కూర్చుంటే కుదరదని, ఆదివారం మధ్యాహ్నాలు ఇంటి వెనక వసారాలో నేనే ఒక ఏర్పాటు చేశాను. అక్కను నిలబెట్టి, ఎడమ పక్క గోడకు రోకలి ఆనించేదాన్ని. అది బెల్టుకట్టె. కుడి పక్క నేను నిలబడేదాన్ని. "కట్టె" అంటే రోకలి తొయ్యాలి, "మనిషి" అంటే నన్ను పట్టుకోవాలి. ఖాదర్ బావ మంచం మీద కూర్చుని దగ్గుతూ నవ్వేవాడు, సర్కసులో పిలుస్తారు మిమ్మల్ని అనేవాడు.

అప్పుడు గమనించాను ఒక వింత. ఏది అనబోతున్నానో ముందే చెప్పి ఉంచితే అక్క చెయ్యి చక్కగా పోయేది. చెప్పకుండా కదలమని, కదిలాక చివరి క్షణంలో చెబితే, చెయ్యి రోకలి వైపూ పోయేది కాదు, నా వైపూ వచ్చేది కాదు. రెండింటికీ నడుమనున్న ఖాళీలోకి బయలుదేరేది. మాట వినపడ్డాక అక్కడినుంచి వంగి తిరిగేది. అక్కకొక్కతికే ఇట్లా అవుతుందనుకుని నన్ను నిలబెట్టి చూడమన్నాను. నా చెయ్యీ అంతే. చాలా ఏళ్ళ తర్వాత నరాల డాక్టరొకాయన దగ్గర ఈ మాట ఎత్తితే, అందరికీ అంతేనన్నాడు. మనం ఎంచుకున్నాక చెయ్యి కదులుతుందని అనుకుంటామట. మెదడేమో చేరగల దారులన్నీ ముందే సిద్ధం చేసి పెట్టుకుంటుందట, అవి లోపల ఒకదాన్నొకటి తోసుకుంటాయట, నెగ్గిందాని వెంట చెయ్యి పోతుందట. ఏదీ నెగ్గకపోతే నడిమధ్యకు పోతుందట. మీ అక్కకు లోపల ఇంకో చెయ్యి కూడా పోటీకి వచ్చింది, దాన్ని కొట్టి కూర్చోబెట్టారు గానీ అది సిద్ధం కావడం మానలేదు అన్నాడు. ఆ ముక్క అప్పుడు తెలిసుంటే కనీసం తనకేదో దయ్యం పట్టిందని మా అక్క కుమిలిపోయేది కాదు.

తెలియకపోయినా అక్కకు ఒకటి అర్థమైంది.

"ముందే మనసులో అనుకొనుంటే నిలబడదు ఖమ్రూ," అంది. "కట్టెకు ఎడం చెయ్యి. అంతే. దేవుడు కోప్పడితే కోప్పడనీ. మనిషి జోలికి పోను. కట్టెకు ఎడం చెయ్యి."

అప్పటినుంచి మిల్లులో పత్తి అందిస్తూ పెదవులు కదిలించేది. పక్కవాళ్ళు దువా చదువుకుంటోందనుకునేవాళ్ళు. నాగభూషణం మేస్త్రీకి మాత్రం చెప్పుకుంది. ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "మంచిదేలేమ్మా. ఎవురూ సూడకుండా సెయ్యి," అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఇంకో భయం పట్టుకుంది, చూస్తే ఏమవుతుందోనని.

ఆ రోజు పత్తి బండ్లు ఎక్కువ వచ్చాయి. మైదుకూరు వైపు నుంచి కూడా వచ్చినట్టుంది, వాకిలి దాకా గోతాలు పేర్చారు. తొందర పని. నేను నెత్తిన గంపతో మిషన్ల నడుమ సందులోంచి వస్తున్నాను. అక్క మిషను దగ్గరికి వచ్చేసరికి పైట వెనక్కి గుంజినట్టయింది. ఎవరో ఆడుకుంటున్నారనుకుని తిట్టబోయాను. అంతలో మెడ బిగిసింది. పైట కొంగు చక్రానికీ బెల్టుకూ మధ్య చుట్టుకుంటోంది. గంప జారిపోయింది. అరుద్దామంటే గొంతు లేదు. చక్రం నా చెంప పక్కకు వచ్చేసింది, దాని గాలి నా చెంపకు తగులుతోంది. చస్తున్నానని తెలిసిపోయింది.

అప్పుడు అక్క ముఖం చూశాను. ఆమె కళ్ళల్లో ఉన్నంత భయం నేను మరే మనిషిలోనూ చూడలేదు. రెండు చేతులూ లేచాయి. నాకు ప్రాణం అక్కడే పోయింది. మధ్యలో నిలబడతాయి, నేను దీని కళ్ళముందే చస్తాను, ఇది బతికినంత కాలం తలుచుకుని చస్తుంది అనుకున్నాను.

నిలబడలేదు. ఎడమ చెయ్యి నేరుగా కట్టె మీదికి పోయి తోసింది. పసుపు మీద, కుంకుమ మీద, అందరూ చూస్తుండగా. అన్ని ఆదివారాలు నేర్చుకున్నది అదే. కానీ కుడి చెయ్యి కూడా ఆగలేదు. దాన్ని ఆపడం ఎవరూ నేర్పలేదు కదా, దాన్ని ఏనాడూ ఎవరూ కట్టెయ్యలేదు కదా. అది నా మెడ దగ్గరికి వచ్చి పైట పట్టుకుని లాగింది. పైట చిరిగి నేను కింద పడ్డాను. బెల్టు పక్కకు జారింది గానీ అంత పెద్ద చక్రం పట్టుకున్నట్టు ఆగదు కదా. ఆ చివరి చుట్లు తిరిగేటప్పుడు చిరిగిన గుడ్డతో పాటు అక్క కుడి చేతిని లోపలికి తీసుకుంది.

అక్క అరవలేదు. "ఖమ్రూ, లేసినావా?" అంది. అంతే, కూలిపోయింది.

మిల్లు లారీలో జమ్మలమడుగు క్రైస్తవ మిషనరీ ఆసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా నాగభూషణం అక్క చేతిని గుడ్డల్లో పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. మణికట్టు పైనుంచి తీసెయ్యక తప్పదన్నారు. తీసేశారు. ఆ మరునాడు మిల్లులో ఆ కట్టెను పసుపు నీళ్ళతో కడిగి కొత్త నిమ్మకాయ కట్టారని విన్నాను. ఎవరు కట్టించారో నాకు తెలుసు, వాళ్ళ పేరు నా నోటితో చెప్పను. వాళ్ళ ఇంట్లో ఆడపిల్ల చెయ్యి పోయుంటే ఏం కడిగేవాళ్ళో అడగాలని మాత్రం చాలాకాలం అనుకున్నాను.

కబురు అందుకుని పల్లె నుంచి జేజి వచ్చింది. బాగా ముసలిదైపోయింది, నడుము వంగింది. మంచం పట్టె పట్టుకుని కట్టు వంక చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆ పొద్దునుంచి తనే కొర్రన్నం వండి తెచ్చి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. అక్క నోరు తెరిచి చంటిపిల్లలా తినేది. ఎడమ చెయ్యి దుప్పటి కింద ఉండేది. నేను ఒకటి రెండుసార్లు దుప్పటి తీసి చూశాను, పిడికిలి బిగించి పెట్టుకుని ఉండేది.

ఒకరోజు ఆసుపత్రి నర్సమ్మ వచ్చి జేజిని ఆపింది. ఇక తన చేత్తో తనే తినాలి, లేకపోతే ఇంటికి పోయి ఎట్లా బతుకుతుంది అంది. జేజి గిన్నె మంచం మీద పెట్టి వెనక్కి జరిగింది.

అక్క గిన్నె వంక చూసింది. ముందు కదిలింది కట్టు కట్టిన కుడి చెయ్యి. లేని వేళ్ళతో ముద్ద అందుకోబోయినట్టు గిన్నె దాకా వచ్చి, గిన్నె అంచుకు తగిలి, నొప్పికి వెనక్కి పోయింది. అది చూసి నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి దుప్పటి కిందనుంచి ఎడమ చెయ్యి కొంచెం బయటికి వచ్చి ఉంది. గిన్నెకు జానెడు దూరంలో ఆగింది. అక్క జేజి ముఖం వంక చూస్తోంది.

"తినొచ్చునా జేజీ?" అంది.

పెళ్ళయిన మనిషి, నా ప్రాణం కాపాడిన మనిషి, ఆకలితో ఉన్న మనిషి అడిగిన మాట అది. జేజి పైట నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపింది, ఊపుతూనే ఉంది.

"తిను అక్కా," అన్నాను నేను. "ఎవరన్నా ఏమన్నా అంటే నేను ఈడనే ఉండా."

అక్క తిన్నది. ఒక్కో ముద్దకూ జేజి చేతుల వంక చూసుకుంటూ తిన్నది.